లెక్క అడిగినోడు డగ్ హార్వీ

1961 జూన్‌ల మాంట్రియల్ కెనేడియన్స్ టీం తన కెప్టెన్‌ను న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చేసింది. ఆ కెప్టెన్ పేరు డగ్ హార్వీ. గా యేడు లీగ్ మొత్తంల బెస్ట్ డిఫెన్స్ ఆటగాడు ఆయనే. అప్పటికే ఆ అవార్డు ఆరుసార్లు ఎత్తుకున్నడు. టీంకు ఆరు స్టాన్లీ కప్పులు గెలిపించిండు. ఇంత మనిషిని ఇచ్చి మాంట్రియల్ తెచ్చుకున్నది లూ ఫాంటినాటో అనే ఆటగాడిని. ఐస్ మీద కొట్లాటలకు పేరుమోసినోడు తప్ప ఆటల హార్వీ పక్కన నిలవడేటోడు కాదు.

ఏ అంగట్ల కూసున్నా గీ బేరం లెక్క కుదరది. పాడి బర్రెను ఇచ్చి కోడెదూడను తోలుకొచ్చినట్టున్నది. అరవై ఏండ్లు దాటినా హాకీ చూసెటోళ్లు ఇంకా అడుగుతనే ఉన్నరు, ఎందుకట్ల చేసిన్రని. నాకైతే ఒక్కటే జవాబు కనిపిస్తది. నాలుగేండ్ల కింద ఆయన యజమానులను లెక్క అడిగిండు. గా లెక్క సంగతే ఇయ్యాల చెప్పుకుందాం.

ముందుగాల ఒక మాట. ఇది మన ధ్యాన్‌చంద్ ఆడిన మైదానం హాకీ కాదు. కెనడా, అమెరికాల మంచుగడ్డ మీద స్కేట్లు కట్టుకొని ఆడే ఐస్ హాకీ. బంతికి బదులు పక్ అని నల్లటి రబ్బరు బిళ్ల ఉంటది. పెద్ద లీగ్ పేరు నేషనల్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్. ఇయ్యాల అండ్ల 32 టీంలున్నయ్. హార్వీ కాలంల ఆరే ఉండె. మాంట్రియల్, టొరంటో, డెట్రాయిట్, చికాగో, బోస్టన్, న్యూయార్క్. ఆరు టీంలంటే మొత్తం కలిపి నూటిరవై చిల్లర కొలువులు. కెనడా ఊర్లల్ల వేలమంది పోరగాళ్లు ఆ నూటిరవై కోసం ఎదురుచూస్తుండె. గీ ఒక్క ముచ్చట యాదిల పెట్టుకోండి, మిగిలిన కథంత దీని మీదనే నడుస్తది.

డగ్ హార్వీ 1924 డిసెంబర్ 19న మాంట్రియల్‌ల పుట్టిండు. నోట్రడామ్ ద గ్రాస్ అనే వాడకట్టుల పెరిగిండు. ఆయన చెయ్యి పడని ఆట లేదు. ఎండకాలం బేస్‌బాల్, తర్వాత ఫుట్‌బాల్, చలికాలం హాకీ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే కెనడా నేవీల చేరి అక్కడ బాక్సింగ్ సుత చేసిండు. యుద్ధం అయిపోయినంక 1947ల కెనేడియన్స్‌కు ఆడుడు షురూ చేసిండు.

మొదట్ల జనానికి ఆయన నచ్చలే. అప్పటిదాక డిఫెన్స్ ఆటగాడంటే ఒకటే పని. పక్ దొరకంగనే దూరంగ కొట్టాలె, ఎదురొచ్చినోన్ని గుద్దాలె. హార్వీ అట్ల చెయ్యలే. తన గోల్ ముంగట్నే పక్‌ను కట్టెకు అంటిపెట్టుకొని, తలకాయ లేపి, నిమ్మలంగ నాలుగుదిక్కులు చూస్తుండె. చూసెటోళ్లకు పానం గుబగుబ. గింత బద్ధకమేందని తిట్టుకున్నరు. కొన్నేండ్లు గడిస్తెగాని అసలు సంగతి సమజ్ కాలే. ఆయన బద్ధకస్తుడు కాదు, ఆటనే తన అడుగుకు తగ్గట్టు నడిపిస్తున్నడు. ఎదుటోళ్లు ఉరుకుతుంటే నెమ్మది చేస్తడు, వాళ్లు సల్లబడంగనే ఒక్క పాస్‌తో ముందుకు తోలుతడు. డిఫెన్స్ ఆటగాడు గోల్ దగ్గర కావలి కాసుడే కాదు, దాడి సుత షురూ చెయ్యొచ్చని చూపెట్టినోళ్లల్ల ఆయన పెద్దోడు.

1956 నుంచి 1960 దాక మాంట్రియల్ వరుసగ ఐదు కప్పులు గెలిచింది. ఇప్పటిదాక ఇంకో టీంకు అది చేతగాలే. మోరిస్ రిచర్డ్, జాన్ బెలివో లెక్కటోళ్లు గోల్స్ కొట్టేది, వెనకనుంచి పక్ అందించేది హార్వీ. వాళ్ల పవర్‌ప్లే ఎంత ఘోరమంటే దాని కోసం లీగ్ రూల్స్ మార్చుకోవాల్సి వచ్చింది. ముందుగాల ఎవడన్న తప్పుచేసి రెండు నిమిషాలు బయట కూసుంటే, ఎన్ని గోల్స్ పడ్డా రెండు నిమిషాలు కూసోవాల్సిందే. 1955 నవంబర్‌ల బోస్టన్ మీద బెలివో ఒక్కడే 44 సెకండ్లల్ల మూడు గోల్స్ కొట్టిండు. తర్వాతి యేడు నుంచి ఒక్క గోల్ పడితే ఆటగాడు లోపటికి రావొచ్చని రూల్ పెట్టిన్రు. ఒక టీంను ఆపతందుకు చట్టమే మార్చిన్రన్నట్టు.

ఇగ పైసల కాడికొద్దాం.

1952 నుంచి కెనడాల టీవీల హాకీ వస్తున్నది. స్టేడియంలు నిండుతున్నయ్. యజమానులకు టికెట్ల పైసలు, టీవీ పైసలు. ఆటగాళ్లకు టీవీ వాటా సున్నా. కాంట్రాక్టు మీద ఒక్కసారి దస్కత్ పెడితే ఆ ఆటగాడు ఇగ ఆ టీం సొత్తే. గడువు తీరినా వేరే టీంతో మాట్లాడుకునే హక్కు లేదు. టీం మాత్రం ఆయనను ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడికంటే అక్కడికి పంపొచ్చు, లేకపోతే కింది లీగ్‌కు తోలొచ్చు. ఎదురు మాట్లాడితే నీ కొలువు కోసం వెయ్యిమంది ఉన్నరు పో అన్నట్టే. అందుకే నూటిరవై కొలువుల సంగతి ముందే చెప్పిన.

ఆటగాళ్లకు ఒక పెన్షన్ స్కీం ఉండె, 1947ల పెట్టింది. ఒక్కొక్కడు యేడాదికి 900 డాలర్లు కట్టాలె. గప్పటి జీతాలల్ల అది చిన్న మొత్తం కాదు. లీగ్ తరఫున ఆల్‌స్టార్ మ్యాచ్ వసూళ్ల నుంచి, ప్లేఆఫ్ టికెట్ల మీద వేసిన అదనపు పైసల నుంచి కొంత జమ చేస్తమన్నరు. ఆ స్కీం బోర్డుల ఆటగాళ్ల తరఫున ఇద్దరు కూసున్నరు. ఒకరు హార్వీ, ఇంకొకరు డెట్రాయిట్ టీం ఆటగాడు టెడ్ లిండ్సే. ఐస్ మీద ఇద్దరికీ ఉప్పు నిప్పు. వేరే టీమోళ్లతోని దోస్తాన్ చేసుడు లీగ్‌కు నచ్చకపోయేది, ఆటగాళ్లే సుత మాట్లాడుకోకపోయేది. గీ బోర్డుల పక్కపక్కన కూసున్నంక ఇద్దరికీ ఒక్కటే అనుమానమొచ్చింది. మనం కట్టిన పైసలు ఎంత పెరిగినయ్, ఎవరి చేతుల ఉన్నయ్, యజమానులు నిజంగ ఎంత వేస్తున్నరు? లెక్కల బుక్కు చూపెట్టుమని అడిగిన్రు. చూపెట్టలే.

కట్టినోడు లెక్క అడిగితే చూపెట్టని కాడ ఏదో ఉన్నదని ఎవ్వనికైనా అర్థమైతది. ఇద్దరు కలిసి న్యూయార్క్‌ల వకీళ్లను పట్టుకున్నరు. సప్పుడు చెయ్యకుంట ఒక్కో టీంల ఒక్కొక్కరిని కలుపుకున్నరు. ఆటగాళ్లు తలా 100 డాలర్లు వేసుకున్నరు. లీగ్ల ఒక్కరు తప్ప దాదాపు అందరూ దస్కత్ పెట్టిన్రు. 1957 ఫిబ్రవరిల సంఘం పెట్టినమని బయటికి చెప్పిన్రు. లిండ్సే ప్రెసిడెంట్, హార్వీ వైస్ ప్రెసిడెంట్. వాళ్లు అడిగింది ఆకాశంల చుక్కలేం కాదు. కనీస జీతం ఎంతో తేల్చుండ్రి, పెన్షన్‌ల మీ వాటా పెంచుండ్రి, ఆటగాన్ని వేరే ఊరికి పంపితే ఇల్లు మారే ఖర్చు ఇయ్యుండ్రి.

యజమానులు ఏం చేసిన్రో చూడుండ్రి. అదే యేడు జులైల డెట్రాయిట్ టీం లిండ్సేను చికాగోకు తోలింది. గా సీజన్ల లిండ్సే లీగ్ మొత్తంల పాయింట్లల్ల రెండోస్థానం. అసొంటోన్ని అడుగున పడి ఉన్న టీంకు పంపిన్రు. ఆయనతోపాటు గోల్‌కీపర్ గ్లెన్ హాల్ సుత పోయిండు. టొరంటోల సంఘం తరఫున నిలబడ్డ జిమ్ థామ్సన్‌ది అదే గతి, ఆయనను సుత చికాగోకే. డెట్రాయిట్ యజమాని బ్రూస్ నారిస్, చికాగో యజమాని జేమ్స్ నారిస్ అన్నదమ్ములు. అంటే ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంట్లకు మార్చుకున్నట్టే. పోటీ లీగ్ అని పేరు, లోపల సుట్టరికం.

ఆటల ట్రేడ్ అంటే ఏంది? నాకు లేనిది నీ దగ్గరున్నది, నీకు లేనిది నా దగ్గరున్నది, మార్చుకుందాం. గంతే. గది న్యాయంగనే ఉంటది. గీడ మాత్రం ట్రేడ్ అనేది కొరడా అయింది. నోరు తెరిస్తే పెండ్లాం పిల్లలతోటి వేరే దేశం మూట గట్టుకొని పోవాలె అని మిగిలినోళ్లకు చెప్పుడు అన్నట్టు.

భయం పనిచేసింది. కోర్టుల కేసు వేసినా, టొరంటో ఆటగాళ్లు గట్టిగ నిలబడ్డా, 1957 నవంబర్‌ల డెట్రాయిట్ ఆటగాళ్లు సంఘం నుంచి బయటికొచ్చిన్రు. వాళ్ల వెనుకనే మాంట్రియల్ ఆటగాళ్లు వచ్చిన్రు. అంటే హార్వీ సొంత టీమే చెయ్యి వదిలింది. యజమానులను తిట్టినంత అలకగ వాళ్లను తిట్టబుద్ధి కాదు నాకు. వరుసగ కప్పులు గెలుస్తున్న టీం, ఊరంత నెత్తిన పెట్టుకున్నది, మేనేజర్ మంచిగ చూసుకుంటున్నడు. అసొంటప్పుడు కష్టం పక్కటీమోనిది అనిపిస్తది. చానా సంఘాలు గట్లనే కూలిపోతయ్. ఆకలైనోడు తెచ్చిన కొట్లాటను కడుపు నిండినోడు వదిలేస్తడు. హార్వీ గొప్పతనం నాకు ఇక్కడనే కనిపిస్తది. లీగ్ల అందరికంటే కడుపు నిండినోళ్లల్ల ఆయనొకడు. ఆయనకు ఏ కొదువా లేదు. అయినా అడిగిండు.

1958 ఫిబ్రవరిల రాజీ అయింది. కేసు వాపస్ తీసుకున్నరు, సంఘం పోయింది. బదులుగ కనీస జీతం 7,000 డాలర్లన్నరు, పెన్షన్‌ల లీగ్ వాటా పెంచుతమన్నరు, దవాఖాన ఖర్చుల సంగతి కొంత నయం చేసిన్రు. ఓడిపోయిన కొట్లాట సుత కూలి పెంచింది. గీ ముచ్చట మస్తుమంది మర్చిపోతరు.

మరి హార్వీని అప్పుడే ఎందుకు పంపలే? ఆయన లేకుంటే కప్పులు రావు గనుక. మాంట్రియల్ మేనేజర్ ఫ్రాంక్ సెల్కీ తెలివిగలోడు. విచిత్రం ఏందంటే సెల్కీ ఒకప్పుడు కరెంటు పనిచేసే యూనియన్ మనిషి. 1931ల టొరంటోల మేపుల్ లీఫ్ గార్డెన్స్ స్టేడియం కట్టేటప్పుడు పైసలు తక్కువ పడితే, కూలీల యూనియన్లను ఒప్పించి జీతంల కొంత భాగం షేర్ల రూపంల తీసుకునేటట్టు చేసింది ఆయనే. యూనియన్ల చెమటతోని లేచిన లీగ్ల యూనియన్‌కు జాగ లేకుంట పోయింది.

1960ల రిచర్డ్ రిటైరైతే హార్వీ కెప్టెన్ అయిండు. ఒక్క సీజన్ గడిచింది. 1961 ప్లేఆఫ్‌లల్ల మాంట్రియల్‌ను చికాగో ఓడగొట్టింది. గప్పుడు ఆయనను న్యూయార్క్‌కు పంపిన్రు. సంఘం పెట్టినందుకే పంపిన్రని హార్వీ తర్వాత ఎప్పటికీ నమ్మిండు. టీమోళ్లు కాదన్నరు. వాళ్ల దిక్కు సుత కొన్ని మాటలున్నయ్, అవి దాచిపెట్టుడు నాకు ఇష్టం లేదు. ఆయనకు 36 ఏండ్లు నిండినయ్. టీం ఓడింది, కొత్త రక్తం కావాలె. తాగుడు ముచ్చట సుత ఉండె. సంఘం కూలి మూడేండ్లు దాటింది. ఇవన్ని నిజాలే. కాగితం మీద ఎవ్వరూ కారణం రాసిపెట్టలే.

కాని ఒక్కటి ఆలోచించుండ్రి. ముసలోడైండని పంపినోడు తర్వాతి సీజన్ల మళ్లా లీగ్ బెస్ట్ డిఫెన్స్ ఆటగాడైండు, ఏడోసారి. న్యూయార్క్‌ల ఆయన ఆటగాడు, కోచ్ రెండూ. నాలుగేండ్ల తర్వాత ఆ టీం ప్లేఆఫ్‌లకు ఎక్కింది. అసొంటోన్ని వదులుకునే టీం ఆట లెక్క చూసుకున్నదంటే నేను నమ్మ. కప్పులు వస్తున్నన్ని దినాలు ఆగిన్రు. ఒక్కసారి కప్పు తప్పంగనే పాత బాకీ తీర్చుకున్నరు. గిది నా అభిప్రాయం. వేరే తీరుగ అనుకునేటోళ్లు ఉంటరు, అనుకోనియ్యుండ్రి.

ఆయన బదులు వచ్చిన ఫాంటినాటో సంగతి ఇంకా ఘోరం. 1963ల ఒక మ్యాచ్ల బోర్డులకు గుద్దుకొని మెడ విరిగింది. గంతటితోని ఆయన ఆట ఖతం. ఒకే బేరంల అటు పోయినోనికి, ఇటు వచ్చినోనికి దక్కిందేందో చూస్తే, పెన్షన్ లెక్క అడుగుడు ఎంత అవసరమో ఎవ్వరూ వేరేగ చెప్పాల్సిన పనిలేదు. గీ ఆటల దేహమే పెట్టుబడి. అది విరిగిన్నాడు దుకాణం బందు.

కోచ్ పని హార్వీకి పడలే. దోస్తులతోటి కూసుండి నవ్వుకునే మనిషిని పెత్తనం చెయ్యమంటే ఎట్ల? ఒక్క యేడే చేసి ఉత్త ఆటగానిగ ఉంటనన్నడు. 1963 చివర్ల న్యూయార్క్ సుత వదిలేసింది. ఇగ అక్కడినుంచి కింది లీగ్‌లల్ల తిరుగుడే. సెయింట్ పాల్, క్యుబెక్, బాల్టిమోర్, పిట్స్‌బర్గ్, కాన్సస్ సిటీ. ఏడుసార్లు లీగ్ మొనగాడు చిన్న ఊర్లల్ల బస్సుల తిరుక్కుంట ఆడిండు.

1967ల లీగ్ ఆరు నుంచి పన్నెండు టీంలైంది. కొత్తగొచ్చిన సెయింట్ లూయిస్ బ్లూస్ టీం 1968 ప్లేఆఫ్‌లకు ఆయనను పిలిచింది. 43 ఏండ్ల వయసు. ఆ టీం ఫైనల్‌కు పోయింది. ఎదురుగ ఎవరో తెల్సా, మాంట్రియల్ కెనేడియన్స్. నాలుగు మ్యాచ్‌లు సుత మాంట్రియలే గెలిచింది, కాని ప్రతి మ్యాచ్ ఒక్క గోల్ తేడానే. తర్వాతి సీజన్ పూర్తిగ ఆడి 44 ఏండ్లకు స్కేట్లు విప్పిండు. మొత్తం 1,113 మ్యాచ్‌లు, 88 గోల్స్, 452 అసిస్ట్‌లు. తాను కొట్టినదానికి ఐదింతలు పక్కోనితోని కొట్టించిండు. ఆయన గుణం గా లెక్కల్నే ఉన్నది.

ఆట అయిపోయినంక బతుకు సక్కగ సాగలే. మనసు ఒకదినం ఆకాశంల, ఒకదినం పాతాళంల ఉండే బైపోలార్ జబ్బు ఉండె. తాగుడు పెరిగింది. గప్పటి కాలంల గా జబ్బుకు పేరు పెట్టి, చెయ్యి పట్టుకొని దవాఖానకు తీసుకపోయేటోళ్లు తక్కువ. 1973ల హాల్ ఆఫ్ ఫేమ్‌ల పేరెక్కింది. సభకు ఆయన పోలే. కొన్నేండ్లు ఒట్టావా దగ్గర గుర్రప్పందాల మైదానం కాడ పాత రైలు డబ్బల కాపురమున్నడు. ఒకప్పుడు దేశ ప్రధాని డీఫెన్‌బేకర్ వాడిన డబ్బ అదని చెప్తరు.

1985ల మాంట్రియల్ టీం ఆయనను పిలిచి, ఆయన 2వ నంబర్ జెర్సీని ఇగ ఎవ్వరికీ ఇయ్యమని స్టేడియం పైకప్పుకు వేలాడదీసింది. తర్వాత టీంల చిన్న పని సుత ఇచ్చింది. సాగదోలి 24 ఏండ్లయినంక. 1989 డిసెంబర్ 26న కాలేయం చెడిపోయి ఆయన సచ్చిపోయిండు. 65 నిండి వారమే అయింది.

ఆయన అడిగిన లెక్క సంగతి ఏమైంది మరి? అది ఆయనకంటే ఎక్కువ బతికింది. 1967ల ఆటగాళ్లు మళ్లా సంఘం పెట్టుకున్నరు, అది ఇప్పటికీ ఉన్నది. దాన్ని ఇరవై ఏండ్లకు పైగ నడిపిన వకీలు అలన్ ఈగిల్సన్ మోసం కేసుల 1998ల జైలుకు పోయిండు. అంటే యజమానినే కాదు, సొంత సంఘం నాయకున్ని సుత లెక్క అడగాల్సిందేనని తేలింది. పెన్షన్ ముచ్చట కోర్టుకెక్కితే 1992ల ఒంటారియో కోర్టు పాత ఆటగాళ్ల దిక్కు తీర్పిచ్చింది. పెన్షన్ ఫండ్ల మిగిలిన పైసలు ఆటగాళ్లవేనని చెప్పింది. లీగ్ పైకోర్టులకు పోయినా నడవలే, కోట్ల డాలర్లు వాపస్ చెయ్యాల్సి వచ్చింది. హార్వీ, లిండ్సే 1957ల చూపెట్టుమన్న లెక్క తేలతందుకు ముప్పైఐదేండ్లు పట్టింది. హార్వీ అప్పటికే మట్టిల కలిసి మూడేండ్లు.

1994ల, 2004ల, 2012ల ఎన్‌హెచ్‌ఎల్ ఆగిపోయింది. 2004-05 సీజన్ మొత్తానికే రద్దయింది. మూడుసార్లూ ఆటగాళ్లు సమ్మె చెయ్యలే, యజమానులే గేట్లకు తాళమేసిన్రు. దాన్నే లాకౌట్ అంటరు. అయినా ప్రతిసారి అభిమానులల్ల సగంమంది ఆటగాళ్లనే తిట్టిన్రు. కోట్లు సంపాయించేటోళ్లకు ఇంకా ఎంత కావాలె అని. నేను సుత ఒకప్పుడు గట్లనే అనుకున్న. హార్వీ కథ సదివినంక మారిన. టికెట్ కొని లోపటికి పోయినోడు యజమాని మొఖం చూడ పోడు. ఆటగాని జీతం తగ్గితే టికెట్ ధర తగ్గుతదనుకుంటే అది పిచ్చి భ్రమ, ఆ పైసలు ఇంకో జేబులకు పోతయ్, గంతే. 2013 ఒప్పందంతోని వచ్చిన రాబడి చెరిసగమైంది. గా సగం అనే మాట నోటికి రావాలంటే ముందుగాల మొత్తం ఎంతో తెలవాలె. అంటే లెక్కల బుక్కు టేబుల్ మీదికి రావాలె. గదే కదా గా ఇద్దరు అడిగింది.

ఆఖరికి ఒక్క ముచ్చట. హార్వీ ఏడుసార్లు గెలిచిన ఆ అవార్డు పేరు జేమ్స్ నారిస్ ట్రోఫీ. డెట్రాయిట్, చికాగో టీంల నారిస్ అన్నదమ్ముల నాయిన పేరు మీద, వాళ్ల కుటుంబమే ఇచ్చింది. సంఘాన్ని కూలగొట్టిన ఇంటిపేరును ఆయన ఏడుసార్లు చేతుల పట్టుకొని ఫొటో దిగిండు. లిండ్సే పేరు మీద 2010 నుంచి ఒక అవార్డు ఉన్నది, దాన్ని ఆటగాళ్లే ఓటేసి ఇస్తరు. హార్వీ పేరు మీద లీగ్ల ఏ ట్రోఫీ లేదు. కాని మాంట్రియల్‌ల ఆయన పెరిగిన వాడకట్టుల ఒక ఐస్ రింకు ఉన్నది, దానికి ఆయన పేరు పెట్టుకున్నరు. కప్పులు గెలిపించినందుకు పెట్టుకున్నరు కావొచ్చు. అండ్ల స్కేట్లు కట్టుకునే పోరగాళ్లల్ల ఎవరన్న ఒక్కరికి గీ లెక్క అడిగిన ముచ్చట సుత ఎవరన్న చెప్తే బాగుండు.